చిన్న విమానంలో కార్బన్ మోనాక్సైడ్ డిటెక్టర్: మా 14 నెలల ప్రాజెక్టు డైరీ

విమానం: 1970ల నాటిది, నాలుగు సీట్లు, ఒకే పిస్టన్ ఇంజిన్. మా బావా నేనూ సగం సగం పెట్టుకుని కొన్నాం. ఉండేది ఒహాయోలో. నవంబర్ నుంచి మార్చి దాకా హీటర్ లేకుండా ఎగరడం కుదరదు.

ఇలాంటి విమానాల్లో హీటర్ అంటే వేరే యంత్రమేమీ ఉండదు. ఇంజిన్ సైలెన్సర్ చుట్టూ ఒక రేకు తొడుగు ఉంటుంది. బయటి గాలి ఆ రేకుకీ సైలెన్సర్‌కీ మధ్య నుంచి వెళ్లి, వేడెక్కి, క్యాబిన్‌లోకి వస్తుంది. సైలెన్సర్‌కి వెంట్రుకంత బీట పడినా ఇంజిన్ పొగ నేరుగా మన ముక్కు దగ్గరికి చేరుతుంది. పొగలోని మిగతా వాయువుల్లో కొన్నింటికి వాసన ఉంటుంది కానీ కార్బన్ మోనాక్సైడ్‌కి రంగూ లేదు, వాసనా లేదు.

మేం చేసిన తప్పులు ఇంకొకరు చేయకూడదని అంకెలతో సహా రాస్తున్నాను.

దశ 1: అతికించే కార్డు (2023 అక్టోబర్)

విమానం కొన్నప్పుడే ప్యానెల్ మీద ఒక కార్డు అతికించి ఉంది. మధ్యలో గోధుమరంగు చుక్క. కార్బన్ మోనాక్సైడ్ తగిలితే చుక్క నల్లబడుతుంది. కవర్ విప్పిన తేదీ రాయడానికి కింద ఒక గీత ఉంది. ఆ గీత మీద ఏమీ రాసి లేదు. చాలా రకం కార్డులు కవర్ విప్పాక కొన్ని నెలలకు మించి పనిచేయవు. ప్యానెల్ తుడిచే కెమికల్స్ తగిలితే ఇంకా ముందే పాడవుతాయి.

తర్వాత టెస్ట్ గ్యాస్ (ఎంత కార్బన్ మోనాక్సైడ్ కలిపారో తెలిసిన గాలి) కొన్నాక (దశ 4) ఈ పాత కార్డునీ ఒక కొత్త కార్డునీ జిప్ కవర్‌లో పెట్టి 100 పీపీఎమ్ (పది లక్షల భాగాల గాలికి 100 భాగాలు) గ్యాస్ నింపి చూశాను.

- కొత్త కార్డు: 20 నిమిషాలకు చుక్క స్పష్టంగా నల్లబడింది.
- పాత కార్డు: 45 నిమిషాలైనా మార్పు లేదు.

అంటే ఇన్నాళ్లూ మా ముందున్నది చచ్చిన కార్డు. దాన్ని చూసి "రంగు మారలేదు, బాగానే ఉంది" అనుకుంటూ ఎగిరాం. కొత్త కార్డుతోనూ చిక్కు ఉంది. మనమే గుర్తుపెట్టుకుని దానివైపు చూడాలి. కార్బన్ మోనాక్సైడ్ ముందుగా దెబ్బతీసేదే ఆ గుర్తునీ, ఆ తెలివినీ. అమెరికా రవాణా భద్రతా సంస్థ ఎన్‌టీఎస్‌బీ 1982 నుంచి 2020 వరకు ఈ వాయువు వల్ల జరిగిన 31 ప్రమాదాలను లెక్కగట్టింది. 42 మంది చనిపోయారు. ఆ 31 విమానాల్లో డిటెక్టర్ దొరికింది ఒక్కదాంట్లోనే. అదీ శబ్దంతోనో లైటుతోనో తనంతట తాను హెచ్చరించే రకం కాదు.

ఖర్చు: కొత్త కార్డులు రెండు, 14 డాలర్లు. మొత్తం: 14 డాలర్లు.

దశ 2: మీటర్ ఎంపిక (2023 అక్టోబర్ చివర)

ముందు ఇంట్లో గోడకు పెట్టే అలారం తెచ్చాను. పెట్టె వెనకున్న అంకెలు చదివాక దాన్ని వంటింటి పక్కన గోడకు బిగించేశాను. అమెరికాలో ఇంటి అలారాలకు ఉన్న యూఎల్ 2034 ప్రమాణం ఇలా ఉంది:

- 70 పీపీఎమ్ దగ్గర: 60 నుంచి 240 నిమిషాల మధ్య మోగాలి
- 150 దగ్గర: 10 నుంచి 50 నిమిషాల మధ్య
- 400 దగ్గర: 4 నుంచి 15 నిమిషాల మధ్య

ఊరికే మోగి జనాన్ని విసిగించకూడదని పెట్టిన గడువులు ఇవి. నిద్రపోతున్న ఇంటికి సరిపోతాయి. విమానంలో 70 పీపీఎమ్ పీలుస్తూ గంటసేపు అలారం కోసం ఎదురుచూడటం కుదరదు. మా విమానం నాటి నియమాల్లో చిన్న విమానాలకు ధ్రువీకరణ ఇచ్చేటప్పుడు క్యాబిన్‌లో ఉండనిచ్చే పరిమితే 20,000 భాగాల గాలికి ఒక భాగం, అంటే 50 పీపీఎమ్.

మీటర్‌లో మేం చూసినవి:

1. ఎలక్ట్రోకెమికల్ సెన్సర్, తెర మీద పీపీఎమ్ అంకె. పచ్చ, ఎర్ర లైటు మాత్రమే ఉంటే చాలదు. అంకె 3 నుంచి 9కి పెరిగితే లైటు చెప్పదు.
2. అలారం స్థాయిలు మనం మార్చుకునే వీలు.
3. శబ్దం, లైటు, వైబ్రేషన్ మూడూ.
4. జీరో సెట్టింగూ గ్యాస్‌తో క్యాలిబ్రేషనూ (అంకెను సరిచేయడం) మన చేతుల్లో ఉండటం.
5. బ్యాటరీ బయట దొరికేది, మార్చుకునేది కావడం.
6. సెన్సర్ తయారైన తేదీ పెట్టె మీద ఉండటం. షాపులో రెండేళ్లు పడి ఉన్నదైతే దాని ఆయుష్షులో రెండేళ్లు పోయినట్టే.

చేతిలో పట్టుకునే మీటర్ ఒకటి కొన్నాం. వెంట తీసుకెళ్లే వస్తువు కాబట్టి, విమానానికి బిగించనంత వరకూ అనుమతుల గొడవ లేదు. హెడ్‌సెట్‌లోనే సెన్సర్ ఉన్న లైట్‌స్పీడ్ డెల్టా జూలు, చుట్టుపక్కల విమానాల్ని చూపే ట్రాఫిక్ రిసీవర్‌లోనే సెన్సర్ ఉన్న సెంట్రీ కూడా చూశాం. కొత్తగా హెడ్‌సెట్ కొనాల్సినవాళ్లయితే అటే వెళ్లమంటాను. కారణం దశ 5లో ఉంది.

అలారం స్థాయిలు: మొదటిది 35, రెండోది 100. కొన్నప్పుడు రెండోది 200 ఉంది, తగ్గించాం.

ఖర్చు: మీటర్ 159. మొత్తం: 173 డాలర్లు.

దశ 3: మామూలు అంకెలు (2023 నవంబర్)

ఏది మామూలో తెలియకపోతే ఏది తేడానో తెలియదు. అందుకే ఆరు ప్రయాణాల్లో ఒకే పద్ధతిలో రాసుకున్నాం.

- ట్యాక్సీ (విమానాన్ని నేల మీద నడపడం), వెనక గాలి, కిటికీ తెరిచి: 22–31, ఒకసారి 38
- ట్యాక్సీ, ఎదురుగాలి: 4–7
- రన్-అప్ (ఎగిరే ముందు ఇంజిన్ వేగం పెంచి చూడటం), ముక్కు గాలివైపు: 6–9
- పైకెక్కేటప్పుడు: 8–12
- ఒకే ఎత్తులో ఎగురుతూ, హీటర్ ఆపి: 0–3
- ఒకే ఎత్తులో ఎగురుతూ, హీటర్ పెట్టి: 0–3

మొదటి వరుస చూసి కంగారు పడ్డాం. వెనక నుంచి గాలి వీస్తే మన పొగ మన కిటికీలోకే వస్తుంది. అప్పుడు కిటికీ మూసేస్తే అంకె పడిపోతుంది. నేను ఎక్కువ పట్టించుకోవాల్సింది నాలుగో వరుస, పైకెక్కేటప్పటి 8–12. దాని సంగతి మార్చి దాకా చూడలేదు.

లాగ్: 6 ప్రయాణాలు, 8.2 గంటలు.

దశ 4: జీరో తప్పు (2023 డిసెంబర్)

డిసెంబర్ మొదటి వారం మీటర్ పొగేమీ లేనప్పుడు కూడా 2 చూపిస్తోందని జీరో చేశాను. హ్యాంగర్‌లో (విమానాల షెడ్డులో) నిలబడి చేశాను. పది నిమిషాల ముందే పక్క హ్యాంగర్ ఆయన ఇంజిన్ స్టార్ట్ చేసుకుని వెళ్లాడు. మా తలుపు తెరిచే ఉంది. నాకు వాసన కూడా రాలేదు, గాలి బాగానే ఉందనుకున్నాను.

జీరో నొక్కడమంటే "ఇప్పుడున్న గాలిలో కార్బన్ మోనాక్సైడ్ సున్నా" అని మీటర్‌కి చెప్పడం. నేను దానికి అబద్ధం చెప్పాను. అది నమ్మింది.

తర్వాతి మూడు ప్రయాణాల్లో హీటర్ పెట్టినప్పటి అంకెలు వరుసగా 2, 4, 7. నవంబర్‌కి దగ్గరగానే ఉన్నాయిలే అని పుస్తకంలో రాసుకుని ఊరుకున్నాం.

క్రిస్మస్ ముందు టెస్ట్ గ్యాస్ సిలిండర్ వచ్చింది: 100 పీపీఎమ్ కార్బన్ మోనాక్సైడ్, మిగతాది గాలి. రెగ్యులేటర్ నిమిషానికి అర లీటరు వదులుతుంది. మీటర్ ముఖానికి మూత, దానికి గొట్టం. రెండు నిమిషాలు పెట్టి చూస్తే 89 దగ్గర ఆగింది.

పొలం పక్కకి, గాలికి ఎదురుగా వెళ్లి, పది నిమిషాలు మీటర్‌ని ఆరుబయట ఉంచి మళ్లీ జీరో చేశాను. మళ్లీ గ్యాస్. 100.

తేడా 11. అంటే ఆ మూడు ప్రయాణాల అసలు అంకెలు 2, 4, 7 కాదు. 13, 15, 18. నవంబర్‌లో 0–3 ఉన్నది డిసెంబర్‌కి 18 అయింది, ప్రతిసారీ పెరిగింది. ఈ వరుస చూడగానే విమానాన్ని పక్కన పెట్టాల్సింది. పెట్టలేదు. 35కి లోపే కదా అనుకున్నాం. ఈ డైరీ మొత్తంలో నన్ను ఎక్కువగా బాధపెట్టే వాక్యం ఇదే.

మార్చుకున్న పద్ధతి:

1. జీరో ఆరుబయటే, ఏ ఇంజిన్‌కీ గాలివాలులో లేకుండా.
2. జీరో చేసిన ప్రతిసారీ వెంటనే గ్యాస్ పరీక్ష.
3. హ్యాంగర్‌లో బ్యాటరీ ఛార్జర్ దగ్గర మీటర్‌ని నమ్మకూడదు. ఛార్జింగ్‌లో వచ్చే హైడ్రోజన్‌కి కూడా ఈ సెన్సర్ స్పందిస్తుంది. మాది ఒకసారి 14 చూపించింది.

ఖర్చు: సిలిండర్, రెగ్యులేటర్, మూత, గొట్టం 148. మొత్తం: 321 డాలర్లు. లాగ్: 9 ప్రయాణాలు, 12.3 గంటలు.

దశ 5: అలారం మోగిన రోజు (2024 జనవరి 14)

బయట మైనస్ 9 సెల్సియస్. 4,500 అడుగులు. హీటర్ పూర్తిగా తెరిచి ఉంది. హీటర్ పెట్టిన దగ్గర నుంచి నిమిషాల లెక్క:

- 5 నిమిషాలకు: 12
- 10కి: 21
- 15కి: 34
- 20కి: 48
- 24కి: 61

34 చూసి నేను బావకు చూపించాను. "మొన్న జీరో తప్పు చేశావుగా, మళ్లీ ఏదో నొక్కుంటావ్" అన్నాడు. నాకూ అదే అనిపించింది. "మొన్నే గ్యాస్‌తో చూశాను బావా, సరిగ్గానే ఉంది" అని చెప్పాలని నాకు తట్టలేదు. 35 దాటాక మీటర్ మోగింది, కానీ ఇద్దరికీ శబ్దం తగ్గించే హెడ్‌సెట్లున్నాయి, వినపడలేదు. మీటర్‌ని థ్రాటిల్ కింద వెల్క్రోతో అతికించాను. ఎండ పడి దాని లైటు కనిపించలేదు. వైబ్రేషన్ ఇంజిన్ అదురులో కలిసిపోయింది. 34కీ 61కీ మధ్య తొమ్మిది నిమిషాలు అలాగే పోయాయి.

బావ జేబులో పల్స్ ఆక్సీమీటర్ ఉంది. ఇద్దరం వేలికి పెట్టుకున్నాం. 97, 97. దాంతో ఇంకా ధైర్యం వచ్చింది. ఇది పెద్ద పొరపాటు, గట్టిగా చెప్పాలి: వేలికి పెట్టుకునే మామూలు ఆక్సీమీటర్‌కి ఆక్సిజన్ పట్టిన రక్తమూ, కార్బన్ మోనాక్సైడ్ పట్టిన రక్తమూ ఒకేలా కనిపిస్తాయి. ఒంట్లోకి విషం ఎక్కుతున్నా అది మంచి అంకే చూపిస్తుంది. హిమోగ్లోబిన్‌కి ఆక్సిజన్ కంటే కార్బన్ మోనాక్సైడ్ 200 రెట్లకు పైగా గట్టిగా అతుక్కుంటుంది.

61 దగ్గర బావ "తల పట్టేసినట్టుంది రా" అన్నాడు. అప్పుడు కదిలాం.

1. హీటర్ పూర్తిగా మూత.
2. రెండు వైపులా బయటి గాలి గొట్టాలు, కిటికీ తెరిచాం. చలికి వేళ్లు కొంకర్లు పోయాయి.
3. అప్రోచ్ వాళ్లకి (రేడియోలో దారి చెప్పే ఎయిర్ ట్రాఫిక్ కంట్రోల్) విషయం చెప్పి దగ్గర్లోని విమానాశ్రయానికి మళ్లాం.
4. మీటర్ చూస్తూనే ఉన్నాం: నాలుగు నిమిషాల్లో 61 నుంచి 19, తర్వాత 7.

11 నిమిషాల్లో దిగాం. హీటర్ మూయగానే అంకె పడిపోయిందంటే పొగ ఎక్కడి నుంచి వస్తోందో అక్కడే తేలిపోయింది.

ఇంకో తప్పు: డాక్టర్ దగ్గరికి మర్నాడు ఉదయం వెళ్లాం, దాదాపు 14 గంటల తర్వాత. మామూలు గాలి పీలుస్తూ ఉంటే రక్తంలోని ఈ విషం నాలుగైదు గంటలకు సగం అవుతుంది. మేం వెళ్లేసరికి ఎనిమిదో వంతు దాకా పడిపోయి ఉంటుంది. పరీక్షలో ఏమీ తేలలేదు. దిగిన వెంటనే వెళ్లి, రక్తంలో కార్బాక్సీహిమోగ్లోబిన్ (కార్బన్ మోనాక్సైడ్ పట్టిన హిమోగ్లోబిన్) చూడమని ఆ పేరుతోనే అడగాలి.

ఆ రాత్రి బ్రిటన్ దర్యాప్తు సంస్థ ఏఏఐబీ నివేదిక చదివాను. 2019 జనవరి 21న ఫుట్‌బాల్ ఆటగాడు ఎమిలియానో సాలా వెళ్తున్న పైపర్ మాలిబు ఇంగ్లిష్ ఛానెల్‌లో పడిపోయింది. అతని రక్తంలో కార్బాక్సీహిమోగ్లోబిన్ 58 శాతం. అదీ జనవరే, అదీ ఒకే ఇంజిన్ విమానమే. నిద్ర పట్టలేదు.

మార్చినవి: మీటర్ ఇప్పుడు ఎడమ స్తంభం మీద, కంటి ఎత్తులో, నీడలో ఉంటుంది. ప్రతి పది నిమిషాలకు ఇంధనం చూసేటప్పుడు దాని అంకె కూడా పైకి చదువుతాం, రెండో మనిషి "విన్నాను" అనాలి. ఆక్సీమీటర్ ఇక ఎత్తుకు వెళ్లినప్పుడు ఆక్సిజన్ చూసుకోవడానికే.

లాగ్: 10 ప్రయాణాలు, 13.2 గంటలు.

దశ 6: బీట దొరికింది (2024 జనవరి చివర – ఫిబ్రవరి)

సైలెన్సర్ పని యజమాని సొంతంగా చేసేది కాదు. లైసెన్సున్న మెకానిక్‌ని పిలిచాం. మేం పక్కన నిలబడి సాయం చేశాం.

1. ఇంజిన్ మీది కౌలింగ్ (పై కప్పు), తర్వాత సైలెన్సర్ చుట్టూ ఉన్న రేకు తొడుగు విప్పారు. తొడుగు ఉండగా పైపైన చూస్తే అసలు చోటు కనిపించదు.
2. వ్యాక్యూమ్ క్లీనర్ గొట్టాన్ని ఊదే వైపు తగిలించి, పొగగొట్టం చివర గుడ్డతో బిగించారు. ఒత్తిడి తక్కువే ఉండాలి, కంప్రెసర్ నేరుగా పెట్టకూడదు.
3. స్ప్రే సీసాలో సబ్బునీళ్లు, ప్రతి అతుకు మీదా.
4. టార్చి పెట్టి చూడటం.

ఎడమ చివర, మూత పలకకీ గొట్టానికీ మధ్య వెల్డ్ పక్కన ఆవగింజలంత బుడగలు ఒక వరుసలో లేచాయి. తుడిచి చూస్తే గీత సరిగా కనిపించదు. దాని చుట్టూ విబూది రాసినట్టు బూడిదరంగు పొడి మాత్రం ఉంది. ఆ పొడి పొగ కారుతున్న గుర్తు. గీత పొడవు 28 మిల్లీమీటర్లు.

బావ జేబులోంచి పెన్సిల్ తీసి ఆ చోట గుర్తు పెట్టబోయాడు. మెకానిక్ గబుక్కున చెయ్యి పట్టుకున్నాడు. పెన్సిల్ ముల్లులోని కార్బన్ వేడికి లోహంలోకి దిగి, గీసిన చోటే కొత్త బీట తెస్తుందట. జింకు పూత ఉన్న పనిముట్లు కూడా తగిలించకూడదు. స్కెచ్ పెన్నుతో గుర్తు పెట్టాడు. ఈ ఒక్క విషయం కోసమైనా ఈ డైరీ చదవడం వృథా కాదనుకుంటాను.

సైలెన్సర్ లోపలి గొట్టాలు కూడా చూడమని అడగండి. అవి విరిగి దారికి అడ్డం పడితే ఇంజిన్ బలమే పోతుంది. మావి గట్టిగానే ఉన్నాయి.

ఖర్చు: మరమ్మతు 640, రవాణా 70, గ్యాస్కెట్లు 28, మెకానిక్ నాలుగు గంటలు 380. కలిపి 1,118. మొత్తం: 1,439 డాలర్లు.

దశ 7: పైకెక్కేటప్పటి పొగ (2024 మార్చి – ఏప్రిల్)

సైలెన్సర్ తిరిగొచ్చాక హీటర్ పెట్టి చూస్తే 0–2. పైకెక్కేటప్పుడు మాత్రం 9–13, నవంబర్‌లాగే. హీటర్ మూసినా మారలేదు. అంటే వేరే దారి ఉంది.

చీకటి పడ్డాక బావ లోపల దుప్పటి కప్పుకుని కూర్చున్నాడు. నేను కౌలింగ్ విప్పి, ఇంజిన్ వైపు నుంచి ఫైర్‌వాల్ (ఇంజిన్‌కీ క్యాబిన్‌కీ మధ్య ఉండే గోడ) మీద టార్చి తిప్పాను. "అదిగో, నీ చెయ్యి దగ్గరే, చుక్కలా కనిపిస్తోంది" అని లోపల నుంచి అరిచాడు. ఒక కేబుల్ వెళ్లే రబ్బరు ఎండి పగిలింది. అక్కడ వాడాల్సింది మంటను తట్టుకునే విమాన సీలెంట్. హార్డ్‌వేర్ షాపు సిలికాన్ పనికిరాదు.

అది మూశాక 7–10. ఇంకా ఉంది.

తలుపులకు కాగితం పరీక్ష చేశాం. తలుపు సందులో కాగితం ముక్క పెట్టి మూసి లాగాలి. బిగువుగా వస్తే రబ్బరు బాగున్నట్టు. కుడి తలుపు కింది మూలలో చేతివేలి పొడవున కాగితం జారి వచ్చేసింది. పైకెక్కేటప్పుడు ముక్కు లేచి ఉంటుంది కాబట్టి విమానం కడుపు కింద నుంచి పోయే పొగ ఆ మూలకు తగులుతోంది. రెండు తలుపుల రబ్బర్లూ మార్పించాం. సందు ఎక్కడుందో తేల్చడానికి తలుపుని బయట నుంచి టేపుతో మూసి ఎగరాలన్న ఆలోచన ఎవరికైనా వస్తే వద్దు, అది మీరు బయటపడే దారి.

నాలుగు ప్రయాణాల తర్వాత పైకెక్కేటప్పుడు 2–4.

ఖర్చు: రబ్బర్లు 62, సీలెంట్ 41, మెకానిక్ రెండు గంటలు 190. కలిపి 293. మొత్తం: 1,732 డాలర్లు. లాగ్: 14 ప్రయాణాలు, 18.5 గంటలు.

దశ 8: ఎండాకాలం (2024 జులై – ఆగస్టు)

హీటర్ కాలం కాదు కదా అని మీటర్‌ని విమానంలోనే వదిలేశాం. మూడు వారాలు ఆరుబయట పార్కింగ్. మూసిన కాక్‌పిట్ ఎండలో పొయ్యిలా ఉంటుంది. మా మీటర్ పుస్తకంలో గరిష్ఠం 50 సెల్సియస్ అని రాసి ఉంది. ఆగస్టు గ్యాస్ పరీక్షలో 100కి 71 చూపించింది. అలారం మోగాల్సిన చోట 25 దగ్గరే ఆగిపోయి ఉండేదన్నమాట. తెర, బీప్, బ్యాటరీ అన్నీ మామూలుగానే ఉన్నాయి. టెస్ట్ బటన్ నొక్కినా మోగింది. ఆ బటన్ చూసేది స్పీకర్‌నీ లైటునీ మాత్రమే, సెన్సర్‌ని కాదు.

గ్యాస్‌తో మళ్లీ క్యాలిబ్రేట్ చేస్తే 98కి వచ్చింది. వారానికోసారి చొప్పున నాలుగు వారాలు చూశాను: 98, 97, 98, 97. నిలబడింది. అయినా దాని మీద నమ్మకం సగమే. రెండో మీటర్ కొని రెండూ పక్కపక్కనే పెట్టాం.

ఇప్పుడు పాటిస్తున్నది:

1. ప్రతి ప్రయాణం: ఇంట్లోంచి బ్యాగులో తేవడం, ఆరుబయట ఆన్ చేయడం, రెండు మీటర్ల తేడా 3 దాటకూడదు.
2. ప్రతి నెల: 100 పీపీఎమ్ గ్యాస్ పరీక్ష. 90–110 మధ్య ఉంటే సరే. 80 కంటే తక్కువైతే పక్కన పెట్టడం.
3. ప్రతి అక్టోబర్: అడిగినా అడక్కపోయినా కొత్త బ్యాటరీ, పుస్తకంలో సెన్సర్ వయసు.
4. శానిటైజర్, ప్యానెల్ తుడిచే స్ప్రేలు, సిలికాన్ స్ప్రే వాడేటప్పుడు మీటర్ విమానంలో ఉండకూడదు. శానిటైజర్ రాసుకున్న చేత్తో పట్టుకుంటే ఒకసారి 17 దాకా వెళ్లింది.
5. ప్రతి 100 గంటలకు: తొడుగు విప్పి సబ్బునీళ్ల పరీక్ష.

ఎగురుతుండగా: 10 దాటి ఐదు నిమిషాలు నిలిస్తే హీటర్ మూత. 25 దాటితే దిగడం. మీటర్ తప్పా ఒప్పా అన్న చర్చ నేల మీదే. ఈ అంకెలు మా ఇద్దరి నిర్ణయం, నియమమేమీ కాదు.

ఖర్చు: రెండో మీటర్ 129, బ్యాటరీలు 6. మొత్తం: 1,867 డాలర్లు.

2024 డిసెంబర్ 7

ఈ చలికాలంలో హీటర్ పూర్తిగా తెరిచిన మొదటి ప్రయాణం. బయట మైనస్ 6. 40 నిమిషాలు. పాత మీటర్ 2, కొత్తది 1. పది నిమిషాలకోసారి బావే ముందుగా చదివాడు.

లాగ్: 61.4 గంటలు. సైలెన్సర్ మరమ్మతు అయ్యాక 48.2. గ్యాస్ సిలిండర్ మీద గడువు 2025 మార్చి అని ఉంది. ఫిబ్రవరిలోనే కొత్తది తెప్పించాలి.